గేజ్ మూడుసార్లు మూడు లెక్కలు చెబుతోందా?

ప్రశ్న: నమస్తే సార్. ముందు టైర్లు రెండూ లోపలివైపు తొందరగా అరిగిపోతున్నాయని, అలైన్‌మెంట్ ఇంట్లోనే చూసుకుందామని టో (చక్రాల ముందువైపులు లోపలికి తిరిగితే టో-ఇన్, బయటికి తిరిగితే టో-అవుట్) చూసే గేజ్, రిమ్‌కి ఆనించి క్యాంబర్ (చక్రం వాలు, పైభాగం లోపలికి వాలితే మైనస్, బయటికి వాలితే ప్లస్) చూసే డిజిటల్ గేజ్ రెండూ కొన్నాను. మొదటిసారి కొలిస్తే టో-ఇన్ 4 మిల్లీమీటర్లు. జాకీ మీద లేపి దింపాక చూస్తే టో-అవుట్ 1. సాయంత్రం మళ్ళీ చూస్తే టో-ఇన్ 2. గేజ్ పాడైందా, నేను కొలవడమే తప్పా?

జవాబు: నమస్తే అండీ. గేజ్ మీద అనుమానం ఇప్పుడే వద్దు, టై రాడ్ల (టో మార్చడానికి తిప్పే స్టీరింగ్ కడ్డీల) జోలికీ ఇప్పుడే వెళ్ళొద్దు. కారుని మూడుసార్లు ముందుకి దొర్లించి మూడుసార్లు కొలిచినప్పుడు అర మిల్లీమీటర్ లోపు తేడాతో ఒకటే అంకె వచ్చేదాకా ఆ రాడ్లని బిగించి ఉంచే లాక్ నట్లు విప్పకండి, ఇదొక్కటీ గట్టిగా చెప్తున్నా.

మీ ఉత్తరంలోనే కారణం ఉంది, జాకీ దింపి వెంటనే కొలిచారు. కారు లేచినప్పుడు చక్రాలు కిందికి వేలాడి కాస్త లోపలికి లాక్కుంటాయి, దింపాక టైరు రబ్బరు నేలని పట్టేసుకుని మళ్ళీ బయటికి జరగలేక సస్పెన్షన్ సగంలో ఆగిపోతుంది, అలాంటప్పుడు వచ్చే టో అయినా క్యాంబర్ అయినా కారు రోడ్డు మీద నడిచేటప్పటిది కాదు. దింపాక ముందువైపు రెండుమూడుసార్లు గట్టిగా నొక్కి వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని రెండు మూడు మీటర్లు ముందుకి తోయండి, ఆగాక వెనక్కి మాత్రం ఒక్క అంగుళం కూడా తోయొద్దు, ఎందుకంటే వెనక్కి దొర్లితే జాయింట్లలో ఉండే కాస్త వదులు ఇంకోవైపుకి సర్దుకుని రీడింగ్ మారిపోతుంది.

రెండోది, గేజ్ ఎక్కడ ఆనిస్తున్నారు? టైరు పక్కగోడ మీద అయితే అక్కడ ఉబ్బెత్తు అక్షరాలుంటాయి, వాటివల్లే ఒక మిల్లీమీటర్ తేడా వచ్చేస్తుంది. నేనైతే గీత గీస్తా. చక్రం లేపి కింద స్టాండు పెట్టి (ఒక్క జాకీని నమ్ముకుని పని చేయొద్దండీ, దయచేసి), ట్రెడ్ (టైరు నేలని తాకే భాగం) మధ్యలో సుద్దముక్కతో తెల్లగా రుద్ది, కదలకుండా బరువు పెట్టిన చెక్కకి మేకు కొట్టి దాని మొనని ట్రెడ్‌కి తాకిస్తూ చక్రం మెల్లగా తిప్పితే వెంట్రుకంత సన్నటి గీత చుట్టూ పడుతుంది. రిమ్ కాస్త వంకరున్నా, టైరు ఊగుతున్నా ఆ గీత మాత్రం చక్రం తిరిగే దారిలోనే ఉంటుంది. రెండు చక్రాలకీ గీసి, దింపి, ఇందాక చెప్పినట్టు ముందుకి దొర్లించి, హబ్ (చక్రం నడిమధ్య భాగం) ఎత్తులో ముందువైపు ఒక గీత నుంచి రెండో గీతకి దూరం చూడండి, తర్వాత అదే ఎత్తులో వెనకవైపు చూడండి. వెనక దూరం ఎక్కువైతే టో-ఇన్, ముందు దూరం ఎక్కువైతే టో-అవుట్.

టైరు వ్యాసం 600 మిల్లీమీటర్లు ఉంటే 1 మిల్లీమీటర్ టో అంటే దాదాపు 0.1 డిగ్రీ, అంటే కోణం లెక్కలో 6 నిమిషాలు. కారు మాన్యువల్‌లో ఇచ్చిన అంకె రెండు చక్రాలకీ కలిపా, ఒక్కో చక్రానికా అన్నది తప్పకుండా చూసుకోండి, చాలామంది ఇక్కడే పొరబడి రెట్టింపు తిప్పేస్తారు.

ఇవన్నీ చేసినా అంకె నిలవకపోతే, చక్రం లేపి ఎడమ కుడి అంచులు పట్టుకుని ఊపి చూడండి, తర్వాత పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్కుమని ఆడితే టై రాడ్ ఎండో, బాల్ జాయింటో, బేరింగో పోయినట్టు, ముందు అది మార్చాలి.

లోపలి అరుగుదల సంగతి అరచేత్తో తెలుస్తుంది. ట్రెడ్ మీద అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్ళలా తగిలితే అది టో పని. ఎటు నిమిరినా నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రం పల్లంగా దిగిపోతే క్యాంబర్‌ని అనుమానించాలి.

ప్రశ్న: క్యాంబర్ గేజ్‌ని బల్ల మీద జీరో చేసి చూస్తే ఎడమ చక్రం −0.8, కుడి చక్రం +0.1 డిగ్రీ వచ్చింది. ఇంత తేడా ఉంటుందా?

జవాబు: మీ నేల వాలు అయ్యుండొచ్చు. రెండు ముందు చక్రాల మధ్య 1500 మిల్లీమీటర్లు అనుకుంటే కుడి చక్రం కింద నేల 12 మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే చాలు, రెండు వైపులా −0.35 ఉన్న కారు కూడా అచ్చం మీ అంకెలే చూపిస్తుంది. కారు ముఖం ఇప్పుడున్న దిశకి పూర్తిగా ఎదురు దిశలో ఉండేలా తిప్పి, ముందు చక్రాలు మళ్ళీ అదే చోట నిలిచేలా పెట్టి కొలవండి, అంకెలు తారుమారైతే తప్పు నేలది, కారుది కాదు. పారదర్శకమైన పైపులో నీళ్ళు నింపి నాలుగు చక్రాల చోటూ మట్టం చూసుకుని, పల్లంగా ఉన్న చక్రాల కింద పలకలు వేసేస్తే సరిపోతుంది. గేజ్ రిమ్ అంచులకే ఆనాలి, టైరుకి వద్దు, నేలని తాకే దగ్గర టైరు బయటికి ఉబ్బి ఉంటుంది కదా.

ప్రశ్న: టో సరిగ్గానే ఉంది, అయినా కారు ఎడమకి లాగుతోంది. టో ఇంకాస్త మార్చనా?

జవాబు: వద్దండీ. ముందు చక్రాల టో మారిస్తే టైర్లు అరుగుతాయి, లాగడం మాత్రం సాధారణంగా దానివల్ల రాదు. గాలి సమంగా ఉందో చూసి, ముందు టైర్లు రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి నడపండి (ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే ఇలా మార్చొద్దు). ఇప్పుడు కుడికి లాగితే తప్పు టైరుదే. ఇంకా ఎడమకే లాగితే కాసేపు నడిపి ఆగి రెండు రిమ్‌ల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండానే వేడి తెలుస్తుంది, ఎడమది బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు వదలకుండా పట్టేస్తోంది.