పాఠకుల ప్రశ్నలు: రైల్వే టైంటేబుల్‌తో ప్రయోగం చేసిన జగదీశ్ చంద్ర బోసు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే మా పిల్లలు బజారులో దొరికే రెడీమేడ్ కిట్లు కొనుక్కొచ్చి బల్లమీద పెడుతున్నారు. సొంతంగా ఏదైనా చేయమంటే, "మనకు ల్యాబే లేదు కదా సార్" అంటున్నారు. వీరికి చెప్పదగిన శాస్త్రవేత్త ఎవరు? (ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా)

జవాబు: మాస్టారూ, జగదీశ్ చంద్ర బోసు గురించి చెప్పండి. మన పిల్లల్లో చాలామందికి ఆయన మొక్కలకు ప్రాణముందని చెప్పిన పెద్దమనిషిగానే తెలుసు. అంతకుముందే ఆయన రేడియో తరంగాల మీద చేసిన పని మీ విద్యార్థుల ఫిర్యాదుకు సూటిగా సరిపోతుంది.

బోసు 1858 నవంబరు 30న బెంగాల్‌లో జన్మించారు. తండ్రి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి అయినా కొడుకును మొదట ఇంగ్లీషు బడికి పంపకుండా, జాలరుల పిల్లలు చదువుకునే బెంగాలీ బడిలో చేర్చారు. ఆ తోటి పిల్లలు చెప్పిన పక్షుల, చేపల కబుర్లే తనకు ప్రకృతి మీద ఆసక్తి కలిగించాయని బోసు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకుని వచ్చి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడిగా చేరారు. అదే పని చేసే యూరోపియన్ ఆచార్యుల కంటే భారతీయులకు తక్కువ జీతం ఇచ్చే రోజులవి. బోసు ఆ జీతాన్ని ముట్టుకోలేదు, పాఠం చెప్పడమూ మానలేదు. మూడేళ్ల తరువాత ప్రభుత్వం దిగివచ్చి పూర్తి జీతాన్ని పాత బకాయిలతో సహా చెల్లించింది.

ఇక ల్యాబ్ సంగతి. ఆయనకు దక్కినది 24 చదరపు అడుగుల గది, అంటే రెండు మంచాలు కూడా పట్టని చోటు. పరికరాలు చేసిపెట్టడానికి ఒక రేకుల పనివాడికి తానే శిక్షణ ఇచ్చుకున్నారు. అంతకు కొన్నేళ్ల ముందు జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త విద్యుదయస్కాంత తరంగాల (రేడియో తరంగాలు వీటిలో ఒక రకం) ఉనికిని నిరూపించారు. అయితే ఆయన వాడిన తరంగాలు పొడవైనవి కావడంతో, అవి కాంతిలాగే వంగుతాయని చూపడానికి గట్టిపడిన కీలుతో (తారు వంటి పదార్థంతో) అర టన్నుకు పైగా బరువున్న పట్టకాన్ని పోతపోయవలసివచ్చింది. అంతటి వస్తువు బోసు గదిలోకి రాదు. తరంగాన్నే కుదించి, 5 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు తీసుకురాగలిగితే మొత్తం ప్రయోగశాల ఒక బల్లమీద ఇమిడిపోతుంది. బోసు చేసింది అదే. ఆ తరంగాలు సెకనుకు సుమారు 6,000 కోట్ల సార్లు కంపిస్తాయి. గది ఇరుకు కావడం వల్లే ఆయన పొట్టి తరంగాల వైపు వెళ్లారని నేను ఖాయంగా అనను కాని, విశాలమైన హాలు ఉండివుంటే అంత చిన్న తరంగం కోసం అంత పట్టుదలగా వెతికేవారా అని అనుమానం.

ఇక్కడ మీ పిల్లలకు తప్పక చూపవలసిన ప్రయోగం ఒకటుంది. తరంగాల కంపనం ఏ దిశలో ఉందో తెలుసుకోవడానికి, ఒక దిశ కంపనాన్నే దాటనిచ్చే ధ్రువణకారి (పోలరైజర్) కావాలి. బోసు బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకాన్ని తీసుకుని, పేజీల మధ్య తగరపు రేకులు దూర్చారు. తరంగపు విద్యుత్ కంపనం రేకులకు సమాంతరంగా ఉంటే పుస్తకం దాన్ని ఆపేస్తుంది, పుస్తకాన్ని 90 డిగ్రీలు తిప్పితే అదే తరంగం దాటిపోతుంది. తరువాత జనపనారను మెలిపెట్టి కట్టలుగా చేసి తరంగాల దారిలో ఉంచారు. మెలిక కుడివైపు ఉంటే ధ్రువణ తలం, అంటే తరంగపు కంపన దిశ, ఒకవైపుకు, ఎడమవైపు ఉంటే రెండోవైపుకు తిరిగింది. చక్కెర ద్రావణం కాంతి కంపన దిశను తిప్పే తీరుకు అది కళ్లకు కట్టిన నమూనా. రైలు వేళల పుస్తకం, తగరపు రేకు, జనపనార: ఈ సామగ్రిలో ప్రకాశం జిల్లాలో దొరకనిది ఏదీ లేదు. తరంగాలను చిమ్మే భాగానికి మాత్రం ఇప్పుడు బోసు కాలపు నిప్పురవ్వ పరికరం అక్కరలేదు. కళాశాల ప్రయోగశాలల్లో ఉండే మైక్రోవేవ్ బెంచ్‌ను అడిగి వాడుకోవచ్చు, పెద్దల పర్యవేక్షణలో.

ప్రశ్న: రేడియోను బోసు కనిపెడితే మార్కోనీ దొంగిలించాడని వాట్సాప్‌లో తరచుగా వస్తోంది. నిజమేనా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఆ సందేశంలో సగం నిజం ఉంది, మిగతా సగం ఆవేశం. బోసు 1895లో కలకత్తా టౌన్ హాలులో తీగలు లేకుండానే, గోడల అవతల గంట మోగించి, మందుగుండును పేల్చి చూపించారు. 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన పరికరాలను ప్రదర్శించారు. 1899లో ఇనుము, పాదరసాలతో చేసి టెలిఫోన్‌కు కలిపిన గ్రాహకాన్ని (తరంగాలను పసిగట్టే పరికరాన్ని) గురించి రాయల్ సొసైటీకి పత్రం సమర్పించారు. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా సంకేతాన్ని అందుకున్నప్పుడు వాడినది కూడా పాదరసపు గ్రాహకమే. ఇటలీ నౌకాదళ అధికారి ఒకరు దాన్ని ఆయనకు ఇచ్చారు. అది మూలంలో బోసుదేనని 1998లో ఐఈఈఈ (విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) పత్రికలో వచ్చిన వ్యాసం వాదించింది. అయితే బోసు ఆ నిర్మాణాన్ని దాచలేదు, అచ్చువేసి లోకానికి ఇచ్చారు. కాబట్టి "దొంగతనం" అన్న మాట నేను వాడను. మూలకర్త పేరు చెప్పకపోవడం మాత్రం తప్పే. దూర ప్రాంతాలకు సందేశాలు పంపే వ్యవస్థను కట్టినవాడు మార్కోనీ, మిల్లీమీటరు తరంగాల శాస్త్రానికి పునాది వేసినవారు బోసు. రెండూ వేరు వేరు పనులు.

ప్రశ్న: మొక్కలకు నొప్పి తెలుస్తుందని ఆయన నిరూపించారా? (ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: లేదు. అత్తిపత్తి వంటి మొక్కల్లో ప్రేరణకు విద్యుత్ స్పందన పుట్టి ప్రయాణిస్తుందని చూపారు, అది నేటికీ నిలిచిన విషయం. మొక్క పెరుగుదలను 10,000 రెట్లు పెద్దది చేసి పొగ పట్టించిన గాజు పలక మీద గీసే క్రెస్కోగ్రాఫ్ ఆయన సృష్టే. దాని నుంచి ఆయన తీసిన కొన్ని నిర్ధారణలను మాత్రం ఆనాటి శరీరధర్మ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పొలంలో పనికొచ్చే చిన్న పరికరం చేశాడు. బోసు పేటెంట్లు వద్దన్నారట కదా, మేమూ అలాగే వదిలేయాలా? (ఒక తండ్రి, నంద్యాల)

జవాబు: వదిలేయకండి. జ్ఞానంతో వ్యాపారం చేయడం బోసుకు ఇష్టం లేని మాట వాస్తవమే. అయినా వివేకానందుని శిష్యురాళ్లు సారా బుల్, సోదరి నివేదిత పట్టుబట్టగా, గెలీనా (సీసపు ఖనిజం) స్ఫటికంతో చేసిన గ్రాహకానికి 1901లో అమెరికాలో దరఖాస్తు చేశారు. 1904 మార్చి 29న పేటెంటు మంజూరైంది. అర్ధవాహక (సెమీకండక్టర్) పరికరాలకు సంబంధించి తొలి పేటెంటుగా దాన్ని చెబుతారు. ఆయనకు జీతం ఉంది కనుక లాభం వద్దనుకోగలిగారు, రైతు కుటుంబానికి ఆ నియమం పెట్టనక్కరలేదు.

మన దేశంలో వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. ముందుగా తాత్కాలిక వివరణ (ప్రొవిజనల్ స్పెసిఫికేషన్) దాఖలు చేస్తే పూర్తి వివరణకు 12 నెలల గడువు దొరుకుతుంది. నమూనా తయారీ ఖర్చుకు, బడి ద్వారా కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకానికి ఆలోచనను పంపమని ప్రధానోపాధ్యాయుడిని అడగండి. ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు ఇస్తారు. ఒక్క జాగ్రత్త: పరికరం పనిచేసే వివరాలు ముందే బయటపడితే, అది కొత్తది కాదన్న కారణంతో పేటెంటు నిరాకరించే ప్రమాదం ఉంది. అందుచేత దరఖాస్తు సంఖ్య చేతికి వచ్చేవరకు పరికరం వీడియోను యూట్యూబ్‌లో పెట్టవద్దని మీ అబ్బాయికి చెప్పండి.