గీజర్ కొనే ముందు ఒక బకెట్ పెట్టి చూడు

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "అరగంట గీజర్ వేసినా షవర్‌లో నులివెచ్చగానే వస్తున్నాయి, బాబు వణికిపోతున్నాడు, కొత్తది కొనేస్తాం" అన్నావు. ఆగు, అప్పుడే కొనకు. ఒక ఆస్పత్రి మెయింటెనెన్స్‌లో 30 ఏళ్లు పనిచేసినవాణ్ణి. గీజర్ తప్పేమీ లేకుండానే గీజర్ మార్చిన ఇళ్లు బోలెడు చూశాను. అందులో మా ఇల్లూ ఒకటి. ఆ సంగతి తర్వాత చెప్తా.

రేపు పొద్దున గీజర్ కాగాక షవర్ జోలికి పోకుండా, కింది కుళాయిని పూర్తిగా వేడి వైపు తిప్పి బకెట్‌లో పట్టు. చెయ్యి నేరుగా పెట్టకు, కాలుతుంది. బాబును ఆ దరిదాపులకు రానివ్వకు.

బకెట్‌లో పొగలు వస్తుంటే గీజర్ బంగారంలా ఉన్నట్టే. అప్పుడు తేడా మీ షవర్‌దే. గృహప్రవేశానికి వచ్చినప్పుడు చూశాగా, పళ్లెమంత రెయిన్ షవర్ పెట్టించారు. మీది 15 లీటర్ల గీజర్. నీళ్లు 60 డిగ్రీలకు కాగాయనుకో, జనవరి పొద్దున ట్యాంకు నీళ్లు 20 ఉన్నాయనుకో. ఒంటికి హాయిగా ఉండే 40కి కలిపితే మొత్తం 30 లీటర్లు అవుతాయి. నిమిషానికి 12 లీటర్లు పోసే షవర్ కింద అవి రెండున్నర నిమిషాలు. అదీ కాగితం మీద లెక్క; వాడుతున్నకొద్దీ గీజర్‌లోకి చన్నీళ్లు చేరుతూనే ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా ముందే చల్లబడతాయి. మళ్లీ కాగాలంటే 2000 వాట్ల గీజర్‌కు 20 నిమిషాలు పైనే కావాలి. అదే 30 లీటర్లతో బకెట్ స్నానమైతే మీ ఆయన, బాబు ఇద్దరిదీ అయిపోతుంది. షవరే కావాలంటే నీళ్లు తక్కువ పోసే షవర్ హెడ్ బిగించుకోండి, లేదా 25 లీటర్ల గీజర్‌కు మారండి. కొత్త గీజర్ కొనడానికి నేను ఒప్పుకునేది ఈ ఒక్క సందర్భంలోనే.

బకెట్‌లో కూడా నులివెచ్చగానే ఉన్నాయా? అప్పుడూ గీజర్‌ను వెంటనే తిట్టకు. స్విచ్ ఆపేసి, గీజర్ కింద నీలం రింగు ఉన్న పైపు చూడు. చన్నీళ్లు లోపలికి వెళ్లే దారి అది. దాని యాంగిల్ కాక్ (గోడ దగ్గర పైపుకు ఉండే చిన్న కుళాయి) మూసేసి, వేడి కుళాయి విప్పు. లోపలికి నీళ్లు లేవు కాబట్టి కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధారగా వస్తూనే ఉంటే, ఎక్కడో చన్నీళ్లు వేడి పైపులోకి దూరుతున్నాయన్నమాట. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అంటారే, మీ బాత్రూంలో ఆ తోడు కాస్త ఎక్కువైంది.

మా వనస్థలిపురం ఇంట్లో జరిగింది ఇదే. బకెట్ పట్టే మిక్సర్‌కు, అంటే వేడి, చన్నీళ్లు కలిపే కుళాయికి, హ్యాండ్ షవర్ బిగించాం. మిక్సర్ రెండు నాబ్‌లూ తెరిచే ఉంచి, చేతిలోని పిడి దగ్గర బటన్‌తో నీళ్లు ఆపేవాళ్లం. బయటికి దారి మూసి ఉంది, లోపల రెండు పైపులూ కలిసి ఉన్నాయి. ఇంకేం, చన్నీళ్లు ఎంచక్కా వేడి లైన్‌లోకి వెళ్లి పై షవర్‌లో తేలేవి. ఊరందరికీ రిపేర్లు చెప్పే నేను ఆ నాబ్‌ల వైపు చూడకుండా కొత్త గీజర్ తెచ్చి బిగించాను. మర్నాడూ అవే నులివెచ్చటి నీళ్లు. మీ అత్తయ్య తువ్వాలు కప్పుకుని బయటికొచ్చి "కొత్తదానికీ చలేస్తున్నట్టుందే!" అంది. ఆ మాట ఇప్పటికీ వదల్లేదు. నువ్వు ముందు నాబ్‌లు గట్టిగా మూసి చూడు. మూసినా నీళ్లు దూరుతుంటే మిక్సర్ లోపల నీళ్లను ఆపే భాగం, కార్ట్రిడ్జ్ అంటారు, అది అరిగినట్టు, ప్లంబర్ మార్చేస్తాడు.

కాక్ మూయగానే నీళ్లు ఆగిపోతే మాత్రం అనుమానం గీజర్ మీదే. గీజర్ పైన వేడి తగ్గించే నాబ్ ఉంటే ఎవరైనా తిప్పారేమో చూడు, పిల్లాడున్న ఇల్లు. ఈ మధ్య బాత్రూంలో పని చేయించి ఉంటే పైపులు తారుమారయ్యాయేమో కూడా చూడు: నీలం వైపు చన్నీళ్లు, ఎరుపు వైపు వేణ్ణీళ్లు. తిరగేసి బిగిస్తే లోపల కాగిన నీళ్లు పైనే ఉండిపోయి, అడుగునున్న చల్లవి బయటికొస్తాయి.

అదీ కాకపోతే బోరు నీళ్లు. మీ మణికొండ అపార్ట్‌మెంట్‌లో బోరు, ట్యాంకర్ నీళ్లే కదా. కుళాయిల చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర చూశావా? అదే లోపల కాయిల్‌కు కూడా పడుతుంది. అప్పుడు గీజర్ కాగడానికి ఆలస్యమవుతుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. సర్వీసు అతన్ని పిలిచి, ఆ పొర గీకించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే లోపలి మెగ్నీషియం రాడ్ కూడా చూడమను. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పోయినా అతనే చెప్తాడు. మూత నువ్వు విప్పకు, అల్లుణ్ణీ విప్పనివ్వకు. ఎలక్ట్రీషియన్ వచ్చినా కరెంటు బోర్డులోని ఎంసీబీ స్విచ్ దించాకే ముట్టుకోమను. ప్లగ్గు నల్లబడి ఉంటే అది వెంటనే మార్పించు, దానికి నా ఫోన్ కోసం ఎదురుచూడకు.

బకెట్ పరీక్ష అయ్యాక ఫోన్ చెయ్యి. హ్యాండ్ షవరే అని తేలితే మీ అత్తయ్యకు చెప్పకు, మళ్లీ మొదలెడుతుంది.

మీ మామయ్య