మంచె మీద కాళ్ల చలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికాలోని మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట నవంబరు 15న మొదలవుతుంది. విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్‌కి (నవంబరు నాలుగో గురువారం) ముందు వచ్చే శనివారం, మిన్నెసోటాలో అంతకన్నా ముందే. ఆఫీసు స్నేహితులతో కలిసి కొత్తగా వేటకు వెళ్తున్న మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న తుపాకీ గురించి కాదు, కాళ్ల గురించి. ఈసారి ఆ ప్రశ్నలకే జవాబులు.

ప్రశ్న: బూట్లు 1200 గ్రాముల థిన్సులేట్‌వి (బూటు లోపల చలిని ఆపే పీచు పొర). లోపల మూడు జతల సాక్సులు వేసుకున్నా గంటన్నరకే వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. 2000 గ్రాములవి కొనాలా? (మిల్వాకీ)

జవాబు: కొనకండి. ముందు ఆ మూడు జతల్లో ఒకటి తీసేయండి. చలిని ఆపేది ఉన్ని కాదు, ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. బూటులో సాక్సులు కుక్కితే ఆ గాలి పోతుంది. పైగా పాదం నొక్కుకుపోయి వేళ్లకు రక్తం ఆడదు. బూటు తనంతట తాను వేడిని పుట్టించదు, రక్తం మోసుకొచ్చిన వేడిని నిలబెడుతుంది, అంతే. రక్తమే రాకపోతే 2000 గ్రాములు కాదు, 4000 గ్రాములున్నా ఆ బూటుకి నిలబెట్టడానికి ఏమీ ఉండదు.

లోపల ఒక పల్చటి లైనర్ సాక్స్ (పాలీప్రొపిలీన్ లేదా పల్చటి మెరీనో ఉన్ని), దాని మీద ఒక మందపాటి ఉన్ని సాక్స్ వేసుకుంటే చాలు. నూలు సాక్స్ ఏ పొరలోనూ ఉండకూడదు. అది చెమటను పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుని ఉంటుంది, తడి వెంట వేడి బయటికి పోతుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పట్టినా తడిసినట్టు అనిపించదు, వెచ్చదనం పూర్తిగా పోదు.

బూటు సైజు సరిచూసుకోవాలంటే సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, వేటకు వేసుకునే సాక్సులతోనే వేసుకుని చూడండి. లేసులు కట్టాక వేళ్లన్నీ పైకీ కిందికీ ధారాళంగా ఆడాలి, బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. మామూలు బూటు కన్నా అర సైజో ఒక సైజో పెద్దది పడుతుంది. మడమ మాత్రం జారకూడదు, జారితే నడకలో బొబ్బలెక్కుతాయి. నడిచేటప్పుడు చీలమండ దగ్గర లేసు బిగించుకోండి, మంచె ఎక్కి కూర్చున్నాక పాదం మీది లేసు వదులు చేయండి. ఈ చివరి పని చాలామంది మరిచిపోతారు.

ఆ గ్రాముల లెక్క కూడా తెలుసుకోండి. 1200 అంటే ఒక చదరపు మీటరు ఇన్సులేషన్ బరువు, మీ బూటులో ఉన్న మొత్తం బరువు కాదు. పెట్టె మీద రాసే '-40' లాంటి అంకెలు మనిషి నడుస్తూ ఉంటాడన్న అంచనాతో వేసినవి. కదలకుండా నాలుగు గంటలు కూర్చునేవాడికి అవి వర్తించవు. కూర్చునే వేటకు తీసి ఆరబెట్టుకునే వీలున్న ఫెల్ట్ (నొక్కి చేసిన ఉన్ని) లైనర్, కింద రబ్బరు, పైన తోలు ఉండే పాక్ బూట్లే మేలు.

కాళ్లు చల్లబడుతున్నాయంటే తప్పు ఎప్పుడూ కాళ్ల దగ్గరే ఉండదు. ఛాతీ, పొట్ట చల్లబడితే శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గించేస్తుంది. తల, మెడ, తొడలు కప్పి ఉన్నాయా? ఓవరాల్స్ కింద బిగుతైన జీన్స్ వేసుకుంటే తొడల దగ్గరే రక్తం ఆగిపోతుంది, పైగా అది నూలు. దాని బదులు ఉన్ని లాంగ్ జాన్స్ (ప్యాంటు లోపల వేసుకునే పొడుగు లాగు) వేసుకోండి. పొద్దున ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. సిగరెట్ తాగితే రక్తనాళాలు ముడుచుకుంటాయి. 'ఒంట్లో వేడికి ఒక పెగ్గు' అన్న మాట అసలే వద్దు. మద్యం చర్మానికి రక్తం తోసి, లోపలి వేడిని బయట పారబోస్తుంది. చేతిలో తుపాకీ ఉంటుందన్న సంగతి సరేసరి.

ప్రశ్న: మంచె రోడ్డుకి అర మైలు లోపల. అక్కడికి చేరేసరికే సాక్సులు తడిసిపోతున్నాయి. (డులూత్)

జవాబు: కాళ్ల చలికి అసలు మూలం ఆ అర మైలే. భారీ బూట్లు, పూర్తి చలికోటు వేసుకుని మంచులో పరుగులాంటి నడక నడిస్తే చెమట పట్టక మానదు. నీటిలోంచి వేడి, గాలిలోంచి పోయేదానికి పాతిక రెట్ల వేగంతో పోతుంది. నడక ఆగిన ఇరవై నిమిషాలకు ఆ చెమటే మంచుముద్ద అవుతుంది.

ఇంటి దగ్గర ఒంటి మీదున్నవాటి కన్నా ఒక పొర తక్కువతో బయల్దేరండి. మొదటి పది నిమిషాలు కాస్త చలేస్తుంటే సరైన బట్టలు వేసుకున్నట్టే. పల్చటి నడక బూట్లు, ఒక జత సాక్సులతో నడవండి. బరువు బూట్లను లేసులతో సంచికి వేలాడదీయండి, వాటి నోరు కిందికి ఉండాలి, లేకపోతే కొమ్మల మీది మంచు లోపల పడుతుంది. పది నిమిషాల్లో చేరే దూరానికి ఇరవై నిమిషాలు కేటాయించండి. మంచె కిందికి చేరాక నడక సాక్సులు విప్పి, పాదాలు చిన్న తువ్వాలుతో, ముఖ్యంగా వేళ్ల సందుల్లో, తుడుచుకుని, పొడి లైనర్, పొడి ఉన్ని సాక్స్, బరువు బూట్లు ఆ వరుసలో వేసుకోండి. నిలబడే చోట పరుచుకోవడానికి చిన్న ఫోమ్ ముక్క ఉంటే ఆ రెండు నిమిషాలూ పాదం మంచుకి తగలదు. తడిసిన సాక్సులు జిప్ సంచిలో పడేయండి.

చెమట మరీ ఎక్కువ పట్టేవాళ్లు సీజన్‌కి వారం ముందు నుంచి రాత్రిళ్లు అరికాళ్లకు వాసన లేని యాంటీపెర్స్పిరెంట్ పూసుకోవచ్చు. అల్యూమినియం లవణాలు ఉన్నదే పని చేస్తుంది, ఉత్త డియోడరెంట్ కాదు. చర్మం మండితే ఆపేయండి.

పాతకాలపు వేటగాళ్లు లైనర్‌కీ ఉన్ని సాక్స్‌కీ మధ్య బ్రెడ్డు వచ్చే ప్లాస్టిక్ సంచి తొడుగుతారు. అది నిజంగా పనిచేస్తుంది. పాదం కాస్త చెమ్మగా ఉంటుంది కానీ ఉన్ని పొడిగా ఉండిపోతుంది, వేడి నిలుస్తుంది. నాలుగైదు గంటలకు ఒకసారి తీసి లైనర్ మార్చాలి. సంచిని ఉన్ని సాక్స్ మీద, బయటి వైపు తొడిగితే మాత్రం ఫలితం తలకిందులు, ఉన్నే తడిసి కూర్చుంటుంది.

ప్రశ్న: ఇనప జల్లెడ లాంటి మంచె మీద కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. కింది నుంచి చలి తన్నుకొస్తోంది. (గ్రీన్ బే)

జవాబు: పాత కార్పెట్ ముక్కో, అంగుళం మందం ఫోమ్ ముక్కో కాళ్ల కింద వేయండి. యోగా మ్యాట్ కూడా రెండు మడతలు వేస్తే పనికొస్తుంది. దాన్ని తాడుతో కట్టండి, గాలికి జారి పడితే జింక పారిపోతుంది. ముక్క వేసినందువల్ల బూటు చప్పుడు కూడా తగ్గుతుంది.

దాని పైన బూట్ల మీంచి తొడిగే బూట్ కవర్లు వాడండి. దుప్పటిలాంటి ఇన్సులేషన్‌తో, కింద జిప్‌తో వస్తాయి. వీటిని కూర్చున్నాకే తొడగాలి. తొడుక్కుని నిచ్చెన ఎక్కారంటే మెట్టు మీద కాలు జారుతుంది, ఏటా మంచెల మీంచి పడేవాళ్లు ఉన్నారు. పూర్తి శరీర హార్నెస్ (కింద పడకుండా ఆపే పట్టీలు) నేల మీద నుంచే కట్టుకోండి. తొడ పట్టీలు ఊడనంత బిగుతుగా ఉంటే చాలు, తిమ్మిరెక్కేంత బిగుతు వద్దు.

కూర్చున్నంతసేపూ పావుగంటకొకసారి బూటు లోపలే వేళ్లు ముడిచి తెరవండి, ఇరవై సార్లు. తర్వాత పిక్కలు బిగించి వదలండి. బయటికి ఏ కదలికా కనపడదు. గంటకొకసారి మెల్లగా లేచి మడమలు ఎత్తి దించండి. చలి మొదలయ్యాక చేస్తే అంత ఫలితం ఉండదు, ముందు నుంచీ చేయాలి.

ప్రశ్న: టో వార్మర్ పొట్లాలు బూటులో పెడితే వేడెక్కడం లేదు. బ్యాటరీ సాక్సులు మేలా? (గ్రాండ్ రాపిడ్స్)

జవాబు: ఆ పొట్లంలో ఉండేది ఇనప రజను, ఉప్పు, బొగ్గు పొడి, కాస్త తేమ. ఇనుము తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడే అది, తుప్పుకి గాలి కావాలి. చాలామంది పొట్లం చించి వెంటనే బూటులో దూర్చి, లేసు బిగిస్తారు. గాలి అందక అది చప్పబడిపోతుంది. బూటులో పెట్టే ముందు పది, పదిహేను నిమిషాలు బయట ఉంచి వేడెక్కనివ్వండి. చేతుల కోసం అమ్మే పొట్లాన్ని బూటులో పెట్టొద్దు, అది ఎక్కువ గాలి కోరుతుంది. కాలివేళ్లకు అమ్మేది వేరు, అది తక్కువ గాలితో నడిచేలా చేసినది.

జిగురు వైపు సాక్స్ బయటి ముఖానికి, వేళ్ల పైభాగాన అంటించండి. కింద అంటిస్తే ఉండ కట్టి అడుగడుక్కీ గుచ్చుకుంటుంది. చర్మానికి నేరుగా మాత్రం ఎప్పుడూ అంటించకూడదు. పొట్లం మందం వల్ల బూటు బిగుతయితే లాభం కన్నా నష్టమే ఎక్కువ, అలాంటి బూటుకి అది పనికిరాదు. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఇంకా వెచ్చగా ఉంటే గాలి చొరని జిప్ సంచిలో మూసి పెట్టండి, తుప్పు ఆగి సాయంత్రానికి కాస్త మిగులుతుంది.

బ్యాటరీ సాక్సులు మంచివే, వాడే తీరే తేడా. కాళ్లు మొద్దుబారాక 'హై'లో పెడితే బ్యాటరీ రెండు మూడు గంటల్లో అయిపోతుంది, కాలికి చెమట కూడా పడుతుంది. కూర్చోగానే, ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, 'లో'లో మొదలుపెట్టండి. బ్యాటరీ పిక్క దగ్గరి జేబులో ఉంటుంది కాబట్టి బూటు పైఅంచు దాన్ని నొక్కకుండా చూసుకోండి. చలికి లిథియం బ్యాటరీ శక్తి తగ్గుతుంది, అందుకే అదనపు జతను లోపలి చొక్కా జేబులో ఉంచండి. విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో వేయనివ్వరు.

ప్రశ్న: సైన్యం వాడి పారేసిన తెల్ల 'బన్నీ బూట్లు' చవగ్గా దొరుకుతున్నాయి. కొనొచ్చా? (ఫార్గో)

జవాబు: కూర్చునే వేటకు కొనొచ్చు, ఎక్కువ నడవాలంటే వద్దు. రెండు రబ్బరు పొరల మధ్య ఉన్నిని మూసేసి తయారుచేసినవి అవి. తెల్లవి -65 ఫారన్‌హీట్ దాకా, నల్లవి -20 దాకా అని లెక్క. పక్కన చిన్న గాలి వాల్వ్ ఉంటుంది. విమానంలో ఎక్కించేటప్పుడు దాన్ని తెరవాలి, నేల మీద మూసి ఉంచాలి. కొనే ముందు చిల్లులున్నాయేమో చూడండి. ఒక్క చిల్లు పడి లోపలి ఉన్ని తడిస్తే ఆ బూటు పని అయిపోయినట్టే. పాదం చెమటతో తడుస్తుంది కాబట్టి పూటకొక జత సాక్సులు మార్చుకోవాలి.

ప్రశ్న: కాళ్ల సంగతి కాదు కానీ, హెచ్1బీ మీద ఉన్నాను. స్నేహితుడి తుపాకీ పట్టుకోవచ్చా? (మాడిసన్)

జవాబు: ఇది బూట్ల కన్నా ముఖ్యం. నాన్-ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అరువు తెచ్చుకున్నదైనా సరే. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అంటే లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. మీ వీసా వివరాలతో ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడిగాకే ముందుకెళ్లండి.

ప్రశ్న: నాకు పదేళ్లుగా షుగర్. బీపీకి మెటోప్రొలాల్ వాడతాను. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (సెయింట్ పాల్)

జవాబు: మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ల వల్ల కాళ్లూ చేతులూ చల్లబడడం మామూలే. మీ అంతట మీరు మాత్రం మందు ఆపొద్దు. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే చలే కాదు, వేడి కూడా ప్రమాదం, కాలుతున్నా తెలియదు. కాబట్టి పొట్లాలు, బ్యాటరీ సాక్సులు, కారు హీటర్ ముందు కాళ్లు చాపడం, ఏదీ వద్దు. మంచె మీద కాకుండా, చుట్టూ మూసి ఉండే బ్లైండ్‌లో (పొంచి కూర్చునే చిన్న గూడులో) కూర్చోండి. రెండు గంటలకొకసారి లోపలికొచ్చి సాక్సులు విప్పి, వేళ్ల రంగు కళ్లతో చూడండి. మీకు స్పర్శ కన్నా చూపే నమ్మకం.

చర్మం పాలిపోయి, మైనంలా గట్టిపడి, స్పర్శ పోతే అది ఫ్రాస్ట్‌బైట్. ఇది షుగర్ లేనివాళ్లకూ వర్తిస్తుంది. రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి, మంట దగ్గర కాచకండి. మళ్లీ గడ్డకట్టదని ఖాయమైన చోటుకి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ నీటిలో, థర్మామీటర్‌తో చూసి, అరగంటపాటు ముంచండి. నీరు చల్లారితే వేడినీళ్లు కలపండి, ఆ సమయంలో పాదం బయటికి తీయాలి. నొప్పి బాగా ఉంటుంది. కరిగించిన పాదం మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపు, అందుకే అడవిలో కరిగించడం కన్నా అలాగే నడిచి బయటికి రావడం నయం. తర్వాత నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. తీవ్రమైన ఫ్రాస్ట్‌బైట్‌కి వాడేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో ఐలోప్రాస్ట్ అనే మందును అనుమతించింది. ఇలాంటి చికిత్సలు ఎంత త్వరగా మొదలైతే అంత ఫలితం.

ప్రశ్న: మాది చింతపల్లి. డిసెంబరులో లంబసింగి దగ్గర తెల్లవారుజామున పక్షుల ఫొటోలు తీస్తాను. అక్కడ గడ్డకట్టే చలి లేకున్నా కాళ్లు తిమ్మిరెక్కుతాయి. (చింతపల్లి)

జవాబు: మన దగ్గర వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం కానీ, పొంచి కూర్చునేవాళ్ల కాళ్లకు చలి ఒకటే. మీకు శత్రువు మంచుతో తడిసిన గడ్డి. కాన్వాస్ బూట్లు పది నిమిషాల్లో తడుస్తాయి. పొలం పనికి వాడే మోకాలెత్తు రబ్బరు గమ్‌బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుని, లోపల ఫెల్ట్ ఇన్‌సోల్, ఒక ఉన్ని సాక్స్ వేసుకోండి. కూర్చునే చోట కాళ్ల కింద గోనెసంచి రెండు మడతలు పరవండి. సున్నాకి పైనున్న చలిలోనైనా గంటల తరబడి తడిలో ఉన్న పాదం దెబ్బతింటుంది, కాబట్టి ఇంకో జత సాక్సులు సంచిలో ఉండాలి.

ప్రశ్న: రాత్రికి రాత్రి బూట్లు ఆరడం ఎలా? (అదే పాఠకుడు, మిల్వాకీ)

జవాబు: లైనర్, ఇన్‌సోల్ విడదీసి వేర్వేరుగా ఆరబెట్టండి. గోరువెచ్చటి గాలి ఊదే బూట్ డ్రయర్ ఉంటే సరే, లేకపోతే లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, రెండు గంటలకు తడిసినవి తీసి కొత్తవి పెట్టండి. పొయ్యి పక్కన పెడితే జిగురు వదులుతుంది, తోలు పగులుతుంది. రాత్రంతా కారు డిక్కీలో వదిలేస్తే పొద్దున మీ కాలి వేడంతా బూటుని వెచ్చబరచడానికే సరిపోతుంది, ఇంట్లోనే ఉంచండి. ఆరిందో లేదో వేళ్ల దగ్గరి కొసలో చెయ్యి పెట్టి చూడండి, మడమ వైపు ఆరాక కూడా అక్కడ తేమ మిగిలే ఉంటుంది.