టెక్ సందేహాలు: స్లాట్ ఒకటే, మాడ్యూల్‌లో ప్రాసెసర్ వేరు

ప్రశ్న: మా కంట్రోలర్‌లో ఐ.ఎంఎక్స్ 8ఎం మినీ ప్రాసెసర్‌తో స్మార్క్ మాడ్యూల్ (స్లాట్‌లో గుచ్చే చిన్న కంప్యూటర్ బోర్డు) ఉండేది. అదే సిరీస్‌లో 8ఎం ప్లస్ రకం కొని పెట్టాం. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, పవర్ లైటు కూడా వెలుగుతోంది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రావడం లేదు. మాడ్యూల్ పాడైందంటారా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. పాత ఎస్‌డీ కార్డునే పెట్టి ఉంటే తంటా అక్కడే ఉంది. స్మార్క్ ప్రమాణం బోర్డు కొలత (82 × 50 లేదా 82 × 80 మి.మీ.), 314 పిన్నుల కనెక్టర్, ఏ పిన్ను మీద ఏ సిగ్నల్ రావాలన్నది చెబుతుంది. లోపలి చిప్‌కి ఏ బూట్ కోడ్ కావాలన్నది దాని పని కాదు.

పవర్ రాగానే చిప్‌లో శాశ్వతంగా ఉండే తొలి ప్రోగ్రామ్ (బూట్ రోమ్) ఎస్‌డీ కార్డులో ఒక నిర్ణీత చోట, సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ కోసం వెతుకుతుంది. ఆ చోటు మినీకి కార్డు మొదలు నుంచి 33 కిలోబైట్ల దగ్గర, ప్లస్‌కి 32 దగ్గర. అంటే పాత కార్డులో ప్లస్ చూసే చోట దానికి పనికొచ్చేదేమీ లేదు. పోనీ చోటు సరిచేద్దామన్నా, మినీ కోసం కంపైల్ చేసిన బూట్‌లోడర్ ప్లస్‌లో నడవదు. క్లాకుల సెట్టింగులు వేరు, ర్యామ్‌ని సిద్ధం చేసే డీడీఆర్ ట్రైనింగ్ విలువలూ వేరు. కాబట్టి మాడ్యూల్ తయారీదారు ప్లస్ కోసం ఇచ్చిన ఇమేజ్‌నే (కార్డు మీదికి రాసే సిస్టమ్ ఫైలు) రాయండి. లినక్స్‌లో డీడీ కమాండ్‌తో బూట్‌లోడర్‌ని విడిగా రాస్తుంటే బ్లాక్ సైజు 1కె, సీక్ విలువ (ఎన్ని బ్లాకులు వదిలి రాయాలో) 32. డివైస్ పేరు రెండుసార్లు సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. డీడీ అడిగి తుడిచే రకం కాదు.

అప్పటికీ స్క్రీన్ నల్లగానే ఉంటే దాన్ని వదిలేసి సీరియల్ కన్సోల్ (బూట్ సందేశాలను కేబుల్ ద్వారా వేరే కంప్యూటర్‌లో చూపేది) పెట్టుకోండి. వేగం సాధారణంగా 115200, 8 బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. ఒక్క జాగ్రత్త: స్మార్క్ మాడ్యూల్ సీరియల్ పిన్నులు 1.8 వోల్టులవి. 3.3 వోల్టుల యూఎస్‌బీ అడాప్టర్‌ని నేరుగా తగిలిస్తే ఆ పిన్ను పోవచ్చు. క్యారియర్ బోర్డు (మాడ్యూల్‌ని గుచ్చే పెద్ద బోర్డు) మీద వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ ఉన్న కనెక్టర్‌కే కలపండి, లేదా 1.8 వోల్టుల అడాప్టర్ వాడండి.

కన్సోల్‌లో ఒక్క అక్షరం కూడా రాకపోతే బూట్‌లోడర్ దొరకలేదన్నమాట. ముందు క్యారియర్ మీది బూట్ సెలెక్ట్ జంపర్లు ఎస్‌డీ కార్డుకి ఉన్నాయో లేదో చూడండి, మాడ్యూల్ మీది స్టోరేజ్ చిప్ ఈఎంఎంసీకి పెట్టి ఉండొచ్చు. డీడీఆర్ ట్రైనింగ్ దగ్గర ఆగితే ఆ ఇమేజ్ వేరే ర్యామ్ ఉన్న రకానిది. ఒకే ప్రాసెసర్ అయినా 1 జీబీ, 4 జీబీ రకాలకు బూట్‌లోడర్ మారవచ్చు. లినక్స్ పూర్తిగా లేచి లాగిన్ అడుగుతూ, స్క్రీన్ ఒక్కటే రాకపోతే తప్పు డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాలను లినక్స్‌కి చెప్పే ఫైలులో) ఉంది. ప్లస్‌కి సొంత హెచ్‌డీఎంఐ ఉంది. మినీలో అది లేదు, డీఎస్ఐ అనే డిస్‌ప్లే లైన్ల నుంచి బ్రిడ్జి చిప్ ద్వారా బొమ్మ తేవాలి. మినీ కోసం రాసుకున్న ప్యానెల్ వివరాలు ప్లస్‌లో అలాగే పనిచేస్తాయని అనుకోకండి.

ఇదే సిరీస్‌లో కిందికి దిగాలనుకునేవారికి మరో మాట. ప్లస్‌లో రెండు గిగాబిట్ ఈథర్‌నెట్‌లు, రెండు యూఎస్‌బీ 3.0లు ఉంటాయి. మినీలో ఈథర్‌నెట్ ఒకటే, యూఎస్‌బీ 2.0 వరకే. ఇంకా చిన్నదైన నానోలో, అదనపు కార్డులు తగిలించే పీసీఐఈ అసలే లేదు. క్యారియర్ మీద ఆ కనెక్టర్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి, వెనక సిగ్నల్ ఉండదు. కొనేముందు మీరు నిజంగా వాడే కనెక్టర్ల జాబితా రాసుకుని డేటాషీట్‌లో ఆ రకం కాలమ్‌తో పోల్చుకోండి. గిగాహెర్ట్జ్ చూసి కొనడం కంటే ఇది మేలు.

ప్రశ్న: ఫ్యాన్ లేని పెట్టెలో పెట్టాలి. ఒకే మాడ్యూల్ ఇంటెల్ ప్రాసెసర్లు ఆటమ్ ఎక్స్6211ఈతోనూ, ఎక్స్6425ఈతోనూ వస్తోంది. పెద్దదే తీసుకుంటే నష్టమేమైనా ఉందా?

జవాబు: మొదటిది 2 కోర్లు, 6 వాట్లు. రెండోది 4 కోర్లు, 12 వాట్లు. లెక్క వేసి చూడండి. హీట్‌సింక్ ఒక్కో వాట్‌కి 3 డిగ్రీలు పెరిగే రకమనుకుందాం. పెట్టె లోపలి గాలి 50 డిగ్రీలుంటే పూర్తి లోడ్‌లో మొదటిది 68 దగ్గర, రెండోది 86 దగ్గర నిలుస్తుంది. అది హీట్‌సింక్ వేడి మాత్రమే. చిప్ ఇంకా ఎక్కువ వేడెక్కి, పరిమితి దాటగానే వేగం తగ్గించుకుంటుంది. మీరు డబ్బు పెట్టిన వేగమే అలా చేజారిపోతుంది.

మాడ్యూల్‌తో వచ్చే చదునైన అల్యూమినియం పలకతో సరిపెట్టకండి. అది హీట్ స్ప్రెడర్. వేడిని పెట్టె గోడకో, రెక్కలున్న హీట్‌సింక్‌కో చేరవేయడమే దాని పని. మధ్యలో థర్మల్ ప్యాడ్ లేకుండా బిగిస్తే ఆ సన్నటి గాలి సందే వేడిని ఆపేస్తుంది. పెట్టె మూసి, నాలుగు కోర్లకూ పూర్తి లోడ్ ఇచ్చి, ఉష్ణోగ్రత ఇక పెరగడం లేదన్నంత వరకు నడిపి చూశాకే నిర్ణయించుకోండి. పది నిమిషాల పరీక్షలో అల్యూమినియం పూర్తిగా వేడెక్కనే వేడెక్కదు.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4 (ఈఎంఎంసీ ఉన్నది) తీసుకున్నాను. దాని క్యారియర్ అయిన ఐఓ బోర్డులో ఎస్‌డీ కార్డు పెడితే గుర్తించడం లేదు.

జవాబు: గుర్తించదు. ఆ స్లాట్ ఈఎంఎంసీ లేని లైట్ రకానికే. మీ రకంలో ఆ స్లాట్ సిగ్నల్ లైన్లను ఈఎంఎంసీ వాడుకుంటోంది. ఐఓ బోర్డు మీద ఈఎంఎంసీ బూట్‌ని ఆపే జంపర్ పెట్టి, మైక్రో యూఎస్‌బీ డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఆర్‌పీఐబూట్ అనే ప్రోగ్రామ్ నడపండి. ఈఎంఎంసీ మామూలు డ్రైవ్‌లా కనిపిస్తుంది, దాని మీదికి రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌తో సిస్టమ్ రాయండి. తర్వాత జంపర్ తీయడం మరవకండి. అది ఉన్నంతసేపూ మాడ్యూల్ తన ఈఎంఎంసీ నుంచి లేవదు. లేచాక కీబోర్డు పనిచేయకపోతే కంగారు పడొద్దు. ఈ మాడ్యూల్‌లో యూఎస్‌బీ మొదట్లో ఆపి ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలులో, యూఎస్‌బీని నడిపే డీడబ్ల్యూసీ2 ఓవర్‌లేని హోస్ట్ మోడ్‌లో పెట్టే లైను చేర్చండి.

ప్రశ్న: పరీక్షల కోసం కంప్యూట్ మాడ్యూళ్లను మాటిమాటికీ తీసి పెట్టొచ్చా?

జవాబు: వీలైనంత తక్కువగానే. కంప్యూట్ మాడ్యూల్ 4లో ఉన్న చిన్న 100 పిన్నుల కనెక్టర్ల జత 30 సార్లు తీసిపెట్టడానికే రేట్ చేసినది. పరీక్షలకు ఒక క్యారియర్ బోర్డును విడిగా కేటాయించండి. తీసేటప్పుడు ఒక మూల పట్టి లేపకుండా రెండు వైపులా సమంగా పైకి లాగండి.