గుల్మార్గ్ వెళ్తున్న బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను. "అక్కా, ఇది ఆఫీసు పిల్లలతో గుల్మార్గ్ పోతుందట, మంచు మీద జారడానికి. ఒంటికి కెమెరా కూడా కట్టుకుంటుందట" అని ఒకటే గోల. దాన్నే నాలుగు తిట్టి ఊరుకోబెట్టాను. ఫోను పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. తెనాలి కాలవ గట్టున పెరిగినవాళ్లం, మంచంటే మనకి ఫ్రిజ్‌లో పేరుకున్నదే. నేను డెన్వర్ వచ్చిన మూడో ఏట, ముప్ఫై దాటాక మొదటిసారి స్కీలు తొడిగి, నిలబడ్డ చోటే వెల్లకిలా పడ్డాను. మీ పెదనాన్న నవ్విన నవ్వుకి ఇప్పటికీ బదులు తీర్చుకోలేదు. మన ఇంట్లో నా తరవాత స్కీలు కట్టే ఆడపిల్లవి నువ్వే. గర్వంగా ఉందే. ఆ గర్వమే నిద్ర పట్టనివ్వలేదో, భయమో, తెలీదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. చలికి బ్యాటరీ ఇట్టే పడుకుంటుంది. ఇంకోటి కొనుక్కుని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకో. కెమెరా బిగించడానికి జిగురుతో అతికించే ప్లేటు ఏదన్నా ఉంటే హైదరాబాదులోనే, ఒకరోజు ముందే అతికించు. అక్కడి చలిలో అది పట్టదు. లెన్సు మీద మంచు పడితే నోటితో ఊదకు, ఆ ఊపిరే గడ్డకడుతుంది. మెత్తటి గుడ్డ చాలు. సాయంత్రం గదికి రాగానే బుఖారీ, అదే గది వెచ్చబెట్టే పొయ్యి, పక్కన పెట్టి ఎండబెడదామనుకుంటావేమో, వద్దు. చల్లటి కెమెరా వెచ్చటి గదిలోకి వస్తే చెమ్మ పడుతుంది. బయటే ఒక జిప్ కవర్లో వేసి మూసి, గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచు.

హెల్మెట్ మీదా, ఛాతీ మీదా అని అడిగావట. ఛాతీ మీద. నీ మోకాళ్లూ చేతులూ స్కీల కొసలూ కనిపిస్తాయి, రాత్రి నేర్పేవాడికి చూపిస్తే ఎక్కడ తప్పు చేస్తున్నావో చెప్తాడు. స్కీ మీద ముందుకి వంగుతాం కాబట్టి కెమెరా మొహం కాస్త పైకి ఎత్తి బిగించు, లేకపోతే వారమంతా తెల్లటి నేల తప్ప ఇంకేం రాదు. బోర్లా పడితే పక్కటెముకలకి గుచ్చుకుంటుంది, అబద్ధమెందుకు. అందుకే మొదటి రెండు రోజులూ కెమెరా గదిలోనే పెట్టు. ముందు ఆగడం నేర్చుకో.

హెల్మెట్ మీద వద్దనడానికి నాకో కారణం ఉంది. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లో మెరిబెల్ దగ్గర మైకేల్ షూమాకర్ స్కీ చేస్తూ పడ్డాడు, తల రాయికి కొట్టుకుంది. ఏడుసార్లు ఫార్ములా వన్ గెలిచినవాడు. హెల్మెట్ మీద కెమెరా ఉంది. దర్యాప్తు చేసినవాళ్లు ఆ వీడియో కూడా చూశారు, ప్రమాదానికి వేగం కారణం కాదన్నారు. కెమెరా వల్ల హెల్మెట్‌కి ఏమన్నా అయిందా అన్నది తేలలేదు. తేలకపోయినా సరే, నెత్తి మీద ఒక గట్టి ముక్క అంటే నాకు పడదు.

చూడు, ఆ వార్త చదివి రెండు నెలలు తిరక్కుండా నేను చేసిన పని చెప్తాను. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

2014 ఫిబ్రవరి. మావాడికి, అదే మీ తమ్ముడికి, తొమ్మిదేళ్లు. ఇంటికి గంటన్నర దూరంలో ఒక కొండ, నీలం గుర్తు ఉన్న వాలు, అంటే మరీ తేలికా కాదు, కష్టమూ కాదు. వాడు బాగానే దిగేవాడు. నాకు కొత్త కెమెరా మోజు. వాడి వెనకాలే దిగుతూ మొత్తం తీసి తెనాలి పంపించి, మీ తాతయ్య చేత శెభాష్ అనిపించుకోవాలి. మధ్యాహ్నం మూడు దాటాక వాడు ఎంత అందంగా దిగాడనీ! వంకర వంకరగా, చేతులు రెండూ ముందుకి చాపి, పిచ్చికపిల్లలాగా. కింద ఆగి చూసుకుంటే వీడియో లేదు. ఆ కెమెరా మొదలైతే ఒక బీప్, ఆగిపోతే మూడు. చెవుల మీద హెల్మెట్, పైన గాలి, నేను లెక్కపెట్టలేదు. పైన ఒకసారి నొక్కి, అనుమానమొచ్చి మళ్లీ నొక్కినట్టున్నాను.

"ఇంకొక్కసారి ఎక్కుదాంరా" అన్నాను. ఆఖరి లిఫ్టు. ఎండ కొండ వెనక్కి పోయింది, పొద్దున మెత్తగా ఉన్న మంచు నీడలో గాజులా బిగిసింది. అవన్నీ నాకు తెలుసు, తెలియకేం కాదు. ఈసారి ఒకే బీప్ విని మరీ బయల్దేరాను. మూడో మలుపు దగ్గర వాడి కాలు జారింది, పడితే ఊడాల్సిన స్కీ ఊడలేదు, కాలు మెలిపడింది. మోకాలి కింద ఎముక విరిగింది. కొండ మీద గస్తీ తిరిగే స్కీ పెట్రోల్ వాళ్లు వచ్చి స్లెడ్జి మీద పడుకోబెట్టి కిందికి తీసుకెళ్లారు. ఆరు వారాలు కట్టు.

తల్లీ, పిల్లలకి ఎముకలు అతుక్కుంటాయి. నన్ను పట్టుకున్నది అది కాదు. పది రోజుల తరవాత ఆ వీడియో పెట్టి చూశాను. బయల్దేరే ముందు వాడి గొంతు స్పష్టంగా ఉంది. "అమ్మా, వద్దమ్మా, కాళ్లు వణుకుతున్నాయి." నేనేమన్నానో కూడా ఉంది. "ఒక్కసారేరా బంగారం, అటు తిరుగు, వెలుతురు అటుంది." నిజం చెప్తున్నాను, వాడు ఆ మాట అన్నట్టే నాకు గుర్తు లేదు. పక్కనే నిలబడి వినలేదు. కెమెరా విన్నది. మీ పెదనాన్న చెరిపెయ్యమన్నారు. చెరపలేదు. ఎవరికీ చూపించనూ లేదు. వాడికి ఇప్పుడు ఇరవై దాటాయి, నాకంటే వేగంగా దిగుతాడు, ఆ మాట అన్నట్టు వాడికీ గుర్తు లేదంటాడు. నా మీద జాలిపడి అంటాడేమో.

అందుకని, ఎవరన్నా "సరిగ్గా రాలేదు, ఇంకోసారి దిగు" అంటే దిగకు. నువ్వూ ఎవరినీ అడక్కు. కాళ్లు వణికితే ఆ రోజుకి అయిపోయింది, అంతే.

ఇంకోటి. ఈ కెమెరాల లెన్సు వెడల్పుది, వాలుని చదును చేసేస్తుంది. ప్రాణాలు అరచేత పెట్టుకుని దిగిన చోటు వీడియోలో ట్యాంక్‌బండ్ రోడ్డులా ఉంటుంది. అది చూసి ఉడుక్కుని జనం మర్నాడు ఇంకా నిటారు చోటు వెతుక్కుంటారు. కెమెరా ఉందని ఇలా తెచ్చిపెట్టుకునే తెగింపుని ఇక్కడి కొండవాళ్లు కోడాక్ కరేజ్ అంటారు, రీలు కెమెరాల నాటి మాట. గుల్మార్గ్‌లో నాకున్న భయం అదే. గొండోలా, అదే తీగల మీద పోయే కేబుల్ కారు, మొదటి దశలో కొంగ్‌డూరి దాకా పోతుంది, రెండో దశలో అఫర్వాట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకి. పైన అంతా తీర్చిదిద్దని మంచు. అక్కడ మంచుచరియలు విరిగిపడి 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ వాళ్లు పోయారు, మరుసటేడు ఫిబ్రవరిలో ఒక రష్యన్. స్కీ బాగా వచ్చినవాళ్లే వెళ్లే చోటది. నువ్వు గొండోలా ఎక్కి చూసి, ఫోటో దిగి, గొండోలాలోనే కిందికి రా. ఊరి మైదానంలో పిల్లలు నేర్చుకునే వాలు ఉంటుంది, నీ చోటు అది. కొన్నేళ్ల తరవాత పైకి వెళ్లే రోజొస్తే, మంచులో పూడిపోతే ఆచూకీ చెప్పే బీకన్ కట్టుకుంటావు కదా, దానికి కెమెరానీ ఫోన్నీ 20 సెంటీమీటర్లన్నా ఎడంగా ఉంచాలి. ఎవరినన్నా వెతుకుతున్నప్పుడు 50. ఇది చాలామందికి తెలీదు, అప్పుడు మళ్లీ ఫోన్లో చెప్తాను.

అమ్మకి రోజూ సాయంత్రం ఫోను చెయ్యి, సిగ్నల్ లేదని సాకులు చెప్పకు. ఉన్ని సాక్సులు రెండు జతలు పార్సిల్ వేశాను, బరువని హైదరాబాదులో వదిలెయ్యకు.

వీడియోలు పంపేటప్పుడు పాటలు కలిపి, కత్తిరించి పంపకు. పడ్డవీ పంపు, లేవలేక తిట్టుకున్నవీ పంపు. శబ్దం తియ్యకు.

మీ పెద్దమ్మ