చిన్న క్లబ్బుకు ఎంత స్టేడియం కావాలి?

ప్రశ్న: మాది కింది డివిజన్‌లో ఆడే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. మామూలు మ్యాచ్‌కు ఆరేడు వందల మంది వస్తారు. పాత ప్రత్యర్థితో ఆట ఉన్న రోజు రెండు వేల దాకా చేరతారు. ఇప్పుడు సొంత స్థలం చేతికి వచ్చింది. చుట్టూ పరుగుపందాల ట్రాక్, నాలుగు వైపులా కలిపి ఐదు వేల కుర్చీలు ఉండాలని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. ఒకేసారి కట్టేస్తే మళ్లీ ఖర్చుండదని వారి వాదన. నేను కోశాధికారిని, నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం సరైనదే. దాన్ని కమిటీ ముందు గట్టిగా చెప్పండి. స్టేడియాల గ్యాలరీలకు లెక్కలు కట్టడమే నా వృత్తి. కట్టడానికి ఎంతవుతుందని అందరూ అడుగుతారు, ఏటా నిలబెట్టుకోవడానికి ఎంతవుతుందని అడిగేవారు అరుదు. ఎవరూ కూర్చోని కుర్చీని కూడా తుడవాలి, బాగుచేయాలి. దాని కింది ఇనుముకు రంగు వేయాలి, దానికీ బీమా కట్టాలి. ఆరు వందల మంది టికెట్ డబ్బు ఐదు వేల కుర్చీలను పోషించలేదు.

ముందు ట్రాక్ సంగతి తేల్చేద్దాం. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌లో తిన్నని భాగం 84.39 మీటర్లు, వంపుల వ్యాసార్ధం 36.5 మీటర్లు. అంటే లోపలి పొడవు 157 మీటర్లు. మీ పిచ్ పొడవు 105 మీటర్లు అనుకుందాం. మిగిలినది రెండు చివరలకూ పంచితే ఒక్కో గోల్ వెనుక 26 మీటర్ల ఖాళీ మిగులుతుంది. దానికి 1.22 మీటర్ల చొప్పున ఎనిమిది లేన్లు కలపండి. గోల్ వెనుక మొదటి వరుసలో కూర్చున్నవారు కూడా గోల్‌లైనుకు 36 మీటర్ల దూరంలో ఉంటారు! పెద్ద క్లబ్బుల అభిమానులు కూడా ఈ దూరాన్ని భరించలేక గొడవపడ్డారు. చిన్న మైదానానికి ఉన్న గొప్ప సంపద దగ్గరితనమే. గోల్‌కీపర్ కేకలు వినిపించాలి, బంతి తగిలిన చప్పుడు తెలియాలి. ఆ సంపదను మీ చేతులతో మీరే పోగొట్టుకోకండి.

ఇక కుర్చీలు. ఒక్కో కుర్చీకి అర మీటరు వెడల్పు వేసుకుంటే, టచ్‌లైన్ (పిచ్ పొడుగు వైపు అంచు గీత) వెంట నూరు మీటర్ల వరుసలో 200 మంది పడతారు. మధ్యలో దారులకు కొంత పోయినా ఐదు వరుసల్లో తొమ్మిది వందల మంది హాయిగా కూర్చుంటారు. వరుసకు 80 సెంటీమీటర్ల లోతు చొప్పున ఆ ఐదు వరుసలకూ కావలసింది నాలుగు మీటర్ల జాగా మాత్రమే. మీ మామూలు మ్యాచ్ అంతా అందులోనే సరిపోతుంది. పెద్ద మ్యాచ్ కోసం ఎదురు వైపున నిలబడి చూసే మెట్లు కట్టండి, మీ లీగు నియమాలు ఒప్పుకుంటేనే. బ్రిటన్‌లో వాడే గ్రీన్ గైడ్ అనే మైదానాల భద్రతా పుస్తకం ప్రకారం అన్నీ సరిగా ఉన్న మెట్లపై పది చదరపు మీటర్లకు గరిష్ఠంగా 47 మంది నిలబడవచ్చు. యాభై మీటర్ల పొడవు, ఐదు మీటర్ల లోతు ఉన్న మెట్లకు ఆ లెక్కన 1,175 మంది. కుర్చీల్లోని తొమ్మిది వందలతో కలిపితే రెండు వేలు అక్కడే పూర్తయ్యాయి.

వరుసల ఎత్తు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. వెనుక కూర్చున్నవారి చూపు ముందు కూర్చున్నవారి తల మీదుగా వెళ్లి టచ్‌లైనును తాకాలి. తలకు, ఆ చూపుకు మధ్య 90 మిల్లీమీటర్ల ఎడం ఉంటే మంచిది, 60కి తగ్గకూడదు. ఒకసారి కాంక్రీటు పోశాక ఈ తప్పును దిద్దడం దాదాపు అసాధ్యం. పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా పెట్టి, గ్యాలరీని పడమర వైపు కట్టండి. సాయంత్రపు ఎండ గోల్‌కీపర్ల కళ్లలోనూ పడదు, ప్రేక్షకుల కళ్లలోనూ పడదు.

అయితే మొదటి డబ్బు వీటిలో దేనికీ కాదు, నేల కిందికి పోవాలి. డ్రైనేజీ గొట్టాలు, వాటి మీద గులకరాళ్ల పొర, ఆ పైన ఇసుక కలిపిన మట్టి. నీరు నిలిచి రద్దయిన ప్రతి మ్యాచ్‌తోనూ ఆ రోజు టికెట్లు, తినుబండారాల అమ్మకం పోతాయి. గ్యాలరీకి రేపు అదనపు వరుసలు చేర్చవచ్చు. డ్రైనేజీ చేర్చాలంటే పిచ్ అంతా తవ్వాలి. ఫ్లడ్‌లైట్ల కేబుళ్లకు గొట్టాలు కూడా ఇప్పుడే పాతిపెట్టండి, స్తంభాలు తర్వాత వచ్చినా పరవాలేదు. కప్పు కూడా ఆగవచ్చు. కానీ ముందు వైపు స్తంభాలు లేని కప్పును గాలి పైకి లాగుతుంది, ఆ లాగుడును తట్టుకునే పునాది ఈరోజే పడాలి.

ద్వారాలు మరిచిపోవద్దు. ఒక మీటరు వెడల్పున్న సమతల దారిలో నిమిషానికి 82 మంది బయటికి పోగలరని లెక్క, మెట్ల మీద 66 మందే. రెండు వేల మంది ఎనిమిది నిమిషాల్లో ఖాళీ చేయాలంటే మొత్తం మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు కావాలి. ఒక గేటు మూసుకుపోయినా మిగిలినవి సరిపోవాలి కనుక 1.2 మీటర్ల గేట్లు నాలుగు పెట్టండి. చక్రాల కుర్చీలో వచ్చేవారి చోటు కూడా మొదటి నక్షాలోనే ఉండాలి. వారి ముందున్నవారు లేచి నిలబడినా ఆట కనిపించేంత ఎత్తులో ఉండాలి.

విడతలుగా కట్టడం చిన్నతనమని కమిటీలో ఎవరైనా అంటే స్పెయిన్‌లోని ఎయిబార్ గురించి చెప్పండి. దాదాపు 27,000 జనాభా ఉన్న ఊరు. 2014లో ఆ క్లబ్బు దేశపు మొదటి డివిజన్‌కు చేరింది. తమ ఇపురువా మైదానాన్ని కూల్చి కొత్తది కట్టలేదు, గ్యాలరీలు ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోయారు. బెర్లిన్‌లో యూనియన్ క్లబ్బు పాత మైదానాన్ని 2008, 2009లలో అభిమానులే పునర్నిర్మించారు. రెండు వేలకు పైగా జనం దాదాపు 1,40,000 గంటలు ఉచితంగా పనిచేశారు. అక్కడ ఈనాటికీ ఎక్కువ భాగం నిలబడి చూసే మెట్లే. మీ అభిమానుల్లో కూడా తాపీ మేస్త్రీలు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఉంటారు, అడిగి చూడండి. నిర్మాణ లెక్కలు, తనిఖీ మాత్రం అర్హత ఉన్న ఇంజినీరు చేతిలోనే ఉండాలి.

ప్రశ్న: మా క్లబ్బు కృత్రిమ గడ్డి వేయాలనుకుంటోంది. పిల్లల జట్లకు అద్దెకిస్తే డబ్బు వస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. సహజమైన గడ్డికి విశ్రాంతి కావాలి, రోజంతా తొక్కితే చచ్చిపోతుంది. కృత్రిమ గడ్డి మీద పొద్దున పిల్లలు, సాయంత్రం మహిళల జట్టు, రాత్రి పెద్దలు ఆడుకోవచ్చు. నార్వేలోని హెన్నింగ్స్‌వార్ అనే చేపల రేవు గ్రామంలో రాతి దీవి మీద అలాంటి పిచ్ ఉంది. ఒక్క గ్యాలరీ కూడా లేదు, జనం అంచున నిలబడి చూస్తారు. నాకు ఎంతో ఇష్టమైన మైదానం అది.

కానీ మూడు సంగతులు చూసుకోండి. ఆ గడ్డి పదేళ్లకు అటూ ఇటూగా అరిగిపోతుంది. మార్చడానికి అయ్యే సొమ్మును అద్దెల్లోంచి మొదటి ఏడాది నుంచే విడిగా దాచాలి. గడ్డి పోచల మధ్యలో నింపే రబ్బరు గుళికలు సూక్ష్మ ప్లాస్టిక్ కిందికి వస్తాయి. యూరోపియన్ యూనియన్ 2023లో వాటి అమ్మకాన్ని నిషేధిస్తూ, మైదానాలకు 2031 వరకు గడువిచ్చింది. మీరు ఏ దేశంలో ఉన్నా ఇప్పుడే వేరే నింపుడు పదార్థం గురించి అడగడం మంచిది. మూడోది పై లీగు నియమం. ఇంగ్లండ్‌లో హారోగేట్ టౌన్ 2020లో, సటన్ యునైటెడ్ 2021లో పై లీగుకు ఎదిగాయి. అక్కడ కృత్రిమ గడ్డికి అనుమతి లేదు. గెలిచిన ఆనందంలోనే ఆ క్లబ్బులు తమ పిచ్‌లను పెకలించాల్సి వచ్చింది. మీకు పైకి వెళ్లే ఆశ ఉంటే, అక్కడి నియమావళి చదివాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: ఒక పెద్ద మ్యాచ్ కోసం ఇనుప గొట్టాలతో తాత్కాలిక గ్యాలరీని ఎవరో చౌకగా ఇస్తామంటున్నారు. మూడు వారాలే ఉంది. పాత చెక్క గ్యాలరీ కూడా పక్కనే ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: మూడు వారాల్లో అంటే నా జవాబు వద్దనే. 1992 మే 5న ఫ్రాన్స్‌లోని బాస్తియాలో కప్ సెమీఫైనల్ కోసం తొందరగా లేపిన తాత్కాలిక గ్యాలరీ ఆట మొదలయ్యే ముందే కూలింది. పలువురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా గాయపడ్డారు. ఇలాంటి కట్టడాన్ని నిలువు బరువుకే కాదు, జనం ఒక్కసారిగా గెంతినప్పుడు వచ్చే పక్క ఊపుకూ లెక్క కట్టాలి. సరఫరాదారుతో సంబంధం లేని ఇంజినీరు బిగింపులన్నీ చూసి సంతకం చేయాలి.

చెక్క గ్యాలరీ విషయం మరింత అత్యవసరం. 1985 మే 11న ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో అలాంటి గ్యాలరీ కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త అంటుకుంది. నిమిషాల్లో కప్పంతా మంట పాకింది, వెనుక గేట్లు మూసి ఉన్నాయి, 56 మంది చనిపోయారు. ఈ వారమే ఆ మెట్ల కింద టార్చి పట్టుకుని చూడండి. చెత్త ఉంటే తీయించండి. వెనుక గేట్లకు తాళాలుంటే మ్యాచ్ నడుస్తున్నంతసేపూ తీసే ఉంచండి, ఒక్కో గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. అగ్నిమాపక శాఖ తనిఖీ అయ్యేవరకు ఆ గ్యాలరీలోకి ఎవరినీ పంపకండి.