బ్యాండ్ పెడుతున్నావట కదా

ఒరేయ్ చిన్నా,

నువ్వూ ఆ మృదంగం పిల్లాడూ కలిసి బ్యాండ్ పెడుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఉద్యోగం మానేస్తాడేమోరా తమ్ముడూ అని ఒకటే గోల. ఈ మాట నువ్వే నాకు చెప్పొచ్చు కదరా? సర్లే, భయమేసిన మాట నిజమే గానీ, మనింట్లో ఇన్నాళ్లకి ఒకడు సొంతంగా పాట కడతానన్నాడని రాత్రంతా నిద్రపట్టలేదు.

ఉద్యోగం మానకు. షో ఉన్నా లేకపోయినా వారానికి రెండు సాయంత్రాలు కూర్చోండి. నీ సింథ్ కీబోర్డ్ శ్రుతి కదలదు, మృదంగం ఏసీ గదిలో కదులుతుంది, తొప్పికి, అదే ఎడమ వైపు ముఖానికి, రవ్వ ముద్ద పెట్టాక మళ్లీ చూసుకోమను.

అసలు సంగతి ఇది. డబ్బులు కలిపి వాయిద్యం కొనకండి. నేను ఆర్కెస్ట్రాలో తబలా వాయించే రోజుల్లో ఇద్దరు ప్రాణ స్నేహితులు ఉండేవాళ్లు, చెరిసగం వేసుకుని కీబోర్డ్ కొన్నారు, సినిమా పాటలు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని ఏవేవో వింత ట్యూన్లు కట్టేవాళ్లు. ఒకడికి పెళ్లి కుదిరి డబ్బు అవసరం పడింది, నా సగం ఇచ్చెయ్ అన్నాడు, రెండోవాడు పాతది కదా ఇప్పటి రేటే ఇస్తానన్నాడు, మాటా మాటా పెరిగింది. చివరికి కీబోర్డ్ ఒకడింట్లో, దాని అడాప్టర్ ఇంకొకడింట్లో. వాయించేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. నేను ఇద్దరి గడపలూ తొక్కాను, వినలేదు. మిశ్రచాపులో, అదే ఏడు లెక్కల తాళంలో, వాళ్లు కట్టిన ట్యూన్ ఒకటి ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది, కానీ రికార్డ్ ఎక్కడా లేదు. అందుకే ప్రతి ప్రాక్టీసూ ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఎవడి వాయిద్యం వాడే కొనుక్కోండి. పాటలో ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసుకోండి, పాటలు కట్టినవాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌లో పెట్టేటప్పుడు ఎలాగూ అడుగుతారు.

కలిపి ఖర్చు పెట్టాలనుంటే గది మీద పెట్టండి. ఢిల్లీలో 1990లో సుస్మిత్ సేన్ గిటార్, అసీం చక్రవర్తి తబలా, అలా ఇద్దరితో మొదలైందే ఇండియన్ ఓషన్ బ్యాండ్. మొదటి ఆల్బమ్ రావడానికే 1993 అయింది. కరోల్‌బాగ్‌లో ఓ పాతింట్లో ప్రాక్టీస్ చేసేవాళ్లు, 2010 ఆల్బమ్‌కి ఆ ఇంటి అడ్రసే పేరుగా పెట్టుకున్నారు. 2009లో అసీం పోయారు, 2013లో సుస్మిత్ బయటికొచ్చేశారు, అయినా బ్యాండ్ ఆగలేదు.

మా మేడ మీద గది ఖాళీగానే ఉంది, అద్దె మాట ఎత్తావంటే తంతాను. పక్కింటాయనకి నేను చెప్పుకుంటాలే, తొమ్మిదింటికల్లా ఆపేయండి చాలు. ఆ పిల్లాడికి కూడా అన్నం మీ అత్తే పెడుతుంది.

మీ మావయ్య